తోకలో పది గ్రాములు: స్కేల్ మోడల్ విమానాలపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం పైపర్ కబ్ అనే చిన్న రెండు సీట్ల విమానం చుట్టూనే తిరిగాయి. ఒకే తరహా ప్రశ్నల్ని కలిపేశాం. విడిగా చెప్పని చోట కొలతలన్నీ ఆరో వంతు (1:6) మోడల్‌వి, కరెంటు మోటారువి అనుకోండి.

*

ప్రశ్న: రెండేళ్లుగా ఫోమ్ ట్రైనర్ ఎగరేస్తున్నాను. టేకాఫ్, ల్యాండింగ్ అంటే ఇప్పుడు భయం లేదు. బాల్సా అనే తేలిక కర్రతో స్కేల్ మోడల్ (అసలు విమానానికి అచ్చు తగ్గింపు నమూనా) కట్టాలని ఉంది. నా మనసు తేజస్ మీద ఉంది, సీనియర్లు మాత్రం కబ్ కట్టమంటున్నారు. – ఇంజినీరింగ్ విద్యార్థి, గుంటూరు

జవాబు: ఈసారికి సీనియర్ల మాట వినండి. తేజస్‌ది డెల్టా రెక్క. దిగేటప్పుడు ముక్కు బాగా ఎత్తి, మోటారు బలం మీద ఆనుకుని దిగాలి. డక్టెడ్ ఫ్యాన్ (గొట్టంలో తిరిగే ఫ్యాన్), ముడుచుకునే చక్రాలు, నున్నటి రన్‌వే కావాలి. ఈ నాలుగూ మొదటి స్కేల్ మోడల్‌లోనే తలకెత్తుకుంటే విమానం కంటే రిపేరు ఎక్కువ నేర్చుకుంటారు.

పైపర్ జె-3 కబ్ 1938 నుంచి 1947 దాకా తయారైంది. అసలు విమానం రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 10.74 మీటర్లు. ఆరో వంతుకి 1.79 మీటర్లు వస్తుంది. రెక్కను మధ్యలో రెండు ముక్కలుగా విడదీసేలా కట్టుకుంటే ఆటోలో పడుతుంది. రెక్క పైన ఉంటుంది, వెడల్పు మొదలు నుంచి చివరిదాకా ఒకటే. కాబట్టి రిబ్బులన్నీ (రెక్క లోపలి పక్కటెముకలు) ఒకే టెంప్లేట్‌తో కోసుకోవచ్చు.

సామాను: 500–600 కేవీ (వోల్టుకి నిమిషానికి అన్ని చుట్లు) మోటారు, 40 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపుచేసే సర్క్యూట్), 13×6.5 అంగుళాల ప్రాప్ (ప్రొపెల్లర్), నాలుగు సెల్స్ 3300 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ. ఫుల్ థ్రాటిల్‌లో వాట్‌మీటర్ 22–24 ఆంపియర్లు, 330–350 వాట్లు చూపాలి. 30 ఆంపియర్లు దాటిందంటే ప్రాప్ పెద్దదైంది, 12×6కి దిగండి. 1.8 కిలోల విమానానికి ఈ బలం చాలు. జాగ్రత్తగా ఎగరేస్తే 12 నిమిషాలు వస్తుంది. మోటారు కూర్చునే ఫైర్‌వాల్‌ని 3 డిగ్రీలు కిందికి, 2 డిగ్రీలు కుడికి వంచి అతికించండి. అడుగు దాదాపు చదునుగా ఉన్న ఈ రెక్క థ్రాటిల్ ఇవ్వగానే ముక్కెత్తి పైకి పోతుంది. ఆ మూడు డిగ్రీలు అందుకే. తర్వాత వాషర్లు పెట్టి సర్దుకుందాం అనుకుంటే కౌల్‌కీ (మోటారు చుట్టూ ఉండే ముక్కు తొడుగు) స్పిన్నర్‌కీ (ప్రాప్ మధ్యలోని టోపీ) పొంతన కుదరదు.

*

ప్రశ్న: ప్లాన్ ప్రకారమే కబ్ కట్టాను. బరువు 2.9 కిలోలు తేలింది. సీజీ (విమానం బరువు తూగే బిందువు) కుదరడానికి ముక్కులో 220 గ్రాముల సీసం పెట్టాల్సి వచ్చింది. ఎగురుతోంది గానీ కబ్‌లా లేదు, బాణంలా పోతోంది. ల్యాండింగ్ ముందు మలుపులో రెండుసార్లు లోపలి రెక్క పడిపోయింది. – పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ విమానంలో లోపం ఒక్కటే, అదీ తోకలో ఉంది. ముక్కులో సీసం దాని జరిమానా.

ముందు వేగం సంగతి. కొలతలు ఆరో వంతుకు తగ్గితే రెక్క వైశాల్యం 36వ వంతుకి, బరువు 216వ వంతుకి తగ్గాలి. అసలు కబ్ గరిష్ఠ బరువు 553 కిలోలు. 216తో భాగిస్తే 2.56 కిలోలు. అంటే మీ మోడల్, ఇద్దరు మనుషులు, నిండు ట్యాంకుతో ఉన్న అసలు కబ్ కంటే బరువైనది! రెక్క వైశాల్యం 16.58 చదరపు మీటర్లు కాస్తా 0.46 అయింది. ఈ రెక్క మీద 1.8 కిలోల విమానం గంటకు సుమారు 27 కిలోమీటర్ల దగ్గర స్టాల్ అవుతుంది, అంటే రెక్క ఇక విమానాన్ని మోయలేదు. 2.9 కిలోలకి అదే 34 కిలోమీటర్లు. 45 డిగ్రీలు వాల్చి మలుపు తిప్పితే ఈ అంకెలు 32కీ 40కీ ఎక్కుతాయి. ల్యాండింగ్‌కి వేగం తగ్గించి, 38లో ఉండగా మలుపు తిప్పారనుకోండి. తేలిక కబ్ హాయిగా తిరుగుతుంది, మీది లోపలి రెక్క వదిలేస్తుంది. రెండుసార్లూ జరిగింది అదే.

చూసేవాళ్లకి 'అసలు విమానంలా ఉంది' అనిపించేది రంగు, రివెట్ల కంటే ముందు వేగమే. కబ్ గంటకు 120 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అందులో ఆరో వంతు 20, ఆ వేగానికి మోడల్ గాల్లో నిలవదు. ఇలాంటి లెక్కలో భాగించాల్సింది 6తో కాదు, 6కి వర్గమూలంతో, అంటే 2.45తో. అప్పుడు 49 వస్తుంది. సగం థ్రాటిల్‌లో 45–50 మధ్య ఎగిరే కబ్‌ని చూస్తే కళ్లు నమ్ముతాయి. బరువైన కబ్ ఆ వేగంలో ముక్కెత్తుకుని ఈడుస్తున్నట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు తోక. సీజీ నుంచి స్టెబిలైజర్ (తోకలోని అడ్డ రెక్క) దాకా సుమారు 800 మిల్లీమీటర్లు, సీజీ నుంచి ముందు ఫైర్‌వాల్ దాకా 240. తోకలో 10 గ్రాములు ఎక్కువైతే ముక్కులో 33 గ్రాములు పెడితేగానీ త్రాసు నిలవదు. మొత్తం 43. మీ స్టెబిలైజర్, రడ్డర్ (తోకలోని నిలువు చుక్కాని) రెండూ 6 మిల్లీమీటర్ల గట్టి బాల్సా పలకలతో కోశానని రాశారు. అక్కడే 60 గ్రాములు అదనం. తోక చక్రానికి ఇత్తడి ముక్క, రెండు పుష్‌రాడ్లకీ (తోకలోని పలకల్ని కదిపే కడ్డీలు) ఆ చివర నుంచి ఈ చివరదాకా స్టీలు తీగ: ఇవి మిగతావి.

చేయాల్సింది: తోక తీసేయండి. 6×6 పుల్లలతో చట్రం కట్టి, మధ్యలో 6×3 అడ్డుపుల్లలు పెట్టి ఫిల్మ్ (వేడికి బిగుసుకునే ప్లాస్టిక్ పొర) వేయండి. అసలు కబ్ తోక కూడా స్టీలు గొట్టాల చట్రం మీద గుడ్డ కప్పినదే, కాబట్టి స్కేల్ కూడా చెడదు. పుష్‌రాడ్లకి సన్న కార్బన్ గొట్టం, చివర్లలో మాత్రమే తీగ. బ్యాటరీని ఫైర్‌వాల్‌కి ఆనించి, వీలైతే దాని కిందుగా ముందుకు తోయండి. సీసం చాలావరకు తానే బయటికొస్తుంది. 2.4 కిలోలకి దిగితే ఆ మలుపు మళ్లీ భయపెట్టదు.

కొత్తగా కట్టేవాళ్లకి మా బరువుల పట్టీ ఇది: బ్యాటరీ 340, మోటారు, మౌంటు 200, ఈఎస్‌సీ 45, ఐదు సర్వోలు (పలకల్ని కదిపే చిన్న మోటార్లు) 100, రిసీవర్, వైర్లు 40, ప్రాప్ 35, చక్రాలు, కాళ్లు 150, ఫిల్మ్ 120, కర్ర, జిగురు 700. మొత్తం 1730 గ్రాములు. మిగిలిన 70లోనే రంగు, అద్దాలు, పైలట్ బొమ్మ అన్నీ సర్దుకోవాలి. ఆ 700 దాటకుండా ఉండాలంటే బాల్సాని తూచి కొనాలి. 1000×100×3 మిల్లీమీటర్ల షీటు 30 గ్రాములు తూగితే తేలిక కర్ర, తోకకీ రెక్క కొసలకీ దాచుకోండి. 48 తూగితే గట్టిది, స్పార్లకీ (రెక్క పొడవునా ఉండే దూలాలు) లాంజెరాన్లకీ (ఒంటి పొడవునా ఉండే పుల్లలు) వాడండి. రెండూ ఒకే ధర, పక్కపక్కనే ఉంటాయి. వంటింటి డిజిటల్ త్రాసు జేబులో వేసుకుని దుకాణానికి వెళ్లడానికి మొహమాటపడకండి.

*

ప్రశ్న: అందరూ కబ్, స్పిట్‌ఫైర్, మస్టాంగ్ కడుతున్నారు. మన దేశపు విమానం కట్టాలని నా కోరిక. హెచ్‌టీ-2 వీలవుతుందా? – రిటైర్డ్ ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, మంచి ఎంపిక. ఇంతమంది కడుతున్నా దీని జోలికి ఎవరూ ఎందుకు పోరో మాకూ అంతుపట్టదు. బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో వి.ఎం. ఘాట్గే బృందం రూపొందించిన ట్రైనర్ ఇది. 1951 ఆగస్టు 5న తొలిసారి ఎగిరింది. రెక్క 10.72 మీటర్లు, పొడవు 7.53 మీటర్లు. ఆరో వంతుకి 179 సెంటీమీటర్ల రెక్క, 125 సెంటీమీటర్ల పొడవు. అంటే కబ్ మోటారు, బ్యాటరీ, సర్వోలు యథాతథంగా దీనికీ సరిపోతాయి. అసలు దానికి 155 హార్స్‌పవర్ సిరస్ మేజర్ ఇంజిన్. తలకిందులుగా వరసన నాలుగు సిలిండర్లు. అందువల్ల ముక్కు సన్నగా, పొడవుగా ఉంటుంది. అది మనకి వరం, బ్యాటరీ ముందుకు పోతుంది. ముడుచుకోని చక్రాలు ఇంకో వరం.

కష్టం రెక్కలో ఉంది. కింద అమర్చిన రెక్క, పైగా కొస వైపు సన్నబడుతుంది. సన్నబడే రెక్కకి వేగం తగ్గగానే కొస ముందు స్టాల్ అవుతుంది. అయిందంటే విమానం ఒక పక్కకి బోర్లా పడుతుంది, అదీ దిగబోయే ఎత్తులోనే. దీనికి మందు వాష్‌అవుట్. అంటే కొస దగ్గర రెక్కను 2 డిగ్రీలు ముందుకు వంచినట్టు కట్టడం.

ఎలాగో చెబుతాం. రెక్కను చదును బల్ల మీద, ప్లాన్ మీదే కడతాం కదా. అడుగు స్పార్‌ని పిన్నులతో బిగించి రిబ్బులు నిలబెట్టండి. మొదటి రిబ్ వెనక అంచు బల్లకి ఆనాలి. కొస రిబ్ వెనక అంచు కింద 5.5 మిల్లీమీటర్ల పుల్ల పెట్టండి. కొస దగ్గర రెక్క వెడల్పు 160 మిల్లీమీటర్లయితే 2 డిగ్రీలకి ఆ ఎత్తు వస్తుంది. వెడల్పు వేరైతే దాన్ని 0.035తో గుణించండి. మధ్య రిబ్బులకి ఆ ఎత్తు క్రమంగా తగ్గాలి, కాబట్టి పొడవాటి పుల్లని ఏటవాలుగా చెక్కి వెనక అంచు పొడవునా దూర్చడమే సులువు. ఆ పుల్ల ఉండగానే పైన 1.5 మిల్లీమీటర్ల బాల్సా షీటింగ్ అతికించాలి. ఫెవికాల్ అయితే రాత్రంతా కదిలించొద్దు. పై షీటు అతుక్కున్నాకే రెక్క మెలికని పట్టుకుంటుంది. ముందే పుల్ల తీస్తే అది చదునుకి వెళ్లిపోతుంది, తర్వాత ఏం చేసినా రాదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: కుడి రెక్కకి పుల్ల పెట్టి, మర్నాడు ఉదయం ఎడమదానికి మర్చిపోతారు. రెండు రెక్కలూ కట్టాక దూరంగా నిలబడి వెనక నుంచి చూడండి, రెండు కొసలూ ఒకేలా కనిపించాలి. ఒక మిల్లీమీటరు తేడా ఫర్వాలేదు, మూడు మిల్లీమీటర్ల తేడా ఉంటే ఎగరేయొద్దు.

స్టెబిలైజర్ వైశాల్యాన్ని పదో వంతు పెంచుకోండి. చిన్న రెక్కలకి గాలి అంత శ్రద్ధగా పనిచేయదు. ఆ తేడా కంటికి కనిపించదు, చేతికి తెలుస్తుంది. మొదటి ఎగరవేతకి సీజీని సగటు రెక్క వెడల్పులో 25 శాతం దగ్గర ఉంచండి. కబ్‌కి 28 శాతం, అంటే 267 మిల్లీమీటర్ల వెడల్పులో ముందు అంచు నుంచి 75 దాకా ఇవ్వొచ్చు. దీనికి ఆ చొరవ మొదటే వద్దు.

ఇక స్కేల్ పత్రాలు: మూడు వైపుల డ్రాయింగ్, ఫొటోలు, రంగుల ఆధారం. 'హెచ్‌టీ-2 ఇలా ఉండేది' అని సగటు బొమ్మ వేయకండి. ఏదో ఒక్క విమానాన్ని, దాని సీరియల్ నంబరుతో సహా, ఎంచుకోండి. బెంగళూరు హెచ్‌ఏఎల్ మ్యూజియంలో ఒకటి ఉంది. వెళ్తే నాలుగు పక్కల నుంచీ ఫొటోలు తీయడమే కాకుండా కాళ్లు రెక్కలో కలిసే చోటు, కానపీ పట్టాలు, తోక చక్రం, ఎగ్జాస్ట్ గొట్టం దగ్గరగా తీయండి. ప్లాన్‌లో ఉండనివి, కట్టేటప్పుడు నిద్ర పట్టనివ్వనివి అవే. ఇది లోహపు విమానం కాబట్టి కబ్‌లా రిబ్ టేపులు ఉండవు, పలకల గీతలు ఉంటాయి. ఫిల్మ్ వేసి వదిలేస్తే గుడ్డ విమానంలా కనిపిస్తుంది. సన్నటి ఫైబర్‌గ్లాస్ గుడ్డ, చదరపు మీటరుకి 25 గ్రాములది, నీటి ఆధారిత పాలీయురేథేన్ వార్నిష్‌తో వేసి సాండ్‌పేపర్ పట్టి, పైన స్ప్రే చేయండి. మొత్తం రంగు 80 గ్రాములు దాటకూడదు. బ్రష్‌తో రెండు కోట్లు వేస్తే 200 దాటుతుంది, అందులో తోక వాటా ఎంతో, దానికి ముక్కు కట్టే జరిమానా ఎంతో పై జవాబు చదివినవాళ్లకి తెలుసు.

*

ప్రశ్న: ఎగరేసిన ఐదారు నిమిషాలకి ఒక్కసారి కంట్రోల్ మొత్తం పోయింది. మూడు నాలుగు సెకన్ల తర్వాత తిరిగొచ్చింది, అదృష్టం కొద్దీ ఎత్తులో ఉంది. దూరం 100 మీటర్లు కూడా లేదు. కొత్త ట్రాన్స్‌మిటర్ కొనమంటున్నారు. – పాఠకుడు, కరీంనగర్

జవాబు: ట్రాన్స్‌మిటర్ కొనకండి, ఈఎస్‌సీని ముట్టుకుని చూడండి. ఎగిరి దిగిన వెంటనే దాని మీద వేలు మూడు సెకన్లు నిలవకపోతే జవాబు దొరికినట్టే.

మీ ఈఎస్‌సీలో రిసీవర్‌కీ సర్వోలకీ 5 వోల్టులిచ్చే బీఈసీ లీనియర్ రకం. నాలుగు సెల్స్ బ్యాటరీ నిండుగా ఉంటే 16.8 వోల్టులు. అందులో 5 వాడుకుని మిగతా 11.8 వోల్టుల్ని అది వేడిగా కాల్చేస్తుంది. సర్వోలు సగటున 0.8 ఆంపియరు లాగితే తొమ్మిదిన్నర వాట్ల వేడి, అగ్గిపెట్టెకంటే చిన్న సర్క్యూట్‌లో, మూసిన కౌల్ వెనక, ఏప్రిల్ ఎండలో. వేడి హద్దు దాటగానే అది తనను తాను కాపాడుకోవడానికి కట్ అవుతుంది. రిసీవర్ ఆరిపోయి, మళ్లీ వెలిగి, ట్రాన్స్‌మిటర్‌ని వెతుక్కోవడానికి మూడు నాలుగు సెకన్లు. మీరు చెప్పిన సమయమే. సిగ్నల్ అందక పోయి ఉంటే ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే ఏం చేయాలో ముందే పెట్టుకునే అమరిక) పనిచేసి, అలా పెట్టుకుని ఉంటే థ్రాటిల్ సున్నాకి, సర్వోలు తిన్నగా వెళ్లేవి. మీరేమో సర్వోలు ఎలా ఉన్నవి అలా ఆగిపోయాయని రాశారు. అంటే పోయింది కరెంటే అయి ఉండాలి.

మందు: విడిగా 5 ఆంపియర్ల స్విచింగ్ యూబీఈసీ (ఇంత వేడి పుట్టించని విడి బీఈసీ) పెట్టండి. దాన్ని నేరుగా బ్యాటరీకి కలిపి, అవుట్‌పుట్‌ని రిసీవర్‌లో ఖాళీ చానెల్‌కి ఇవ్వండి. ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కి వచ్చే మూడు వైర్లలో మధ్యనున్న ఎర్రదాన్ని కనెక్టర్‌లోంచి గుండుసూదితో లేపి బయటికి తీసి, కొసకి టేపు చుట్టండి. కత్తిరించొద్దు, రేపు పనికొస్తుంది. ఎర్ర వైరు తీయకుండా రెండు బీఈసీలూ కలిపితే ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి.

అంతటితో ఆగకండి. 0.8 ఆంపియరు ఎందుకు లాగుతున్నాయో చూడండి. ఎలివేటర్‌ని (ముక్కుని ఎత్తి దించే తోక పలక) చేత్తో ఆడించండి, గీర తగిలితే హింజ్‌లో ఫిల్మ్ ఇరుక్కుని ఉంటుంది. స్టిక్ వదిలాక కూడా సర్వో కీచుమంటుంటే పుష్‌రాడ్ పొడవు ఎక్కువై హార్న్‌ని (పలకకి ఉండే పిడి) నెడుతోంది. నొక్కిపట్టిన సర్వో ఒక్కటే ఒక ఆంపియరు తాగేస్తుంది. కౌల్‌లోకి గాలి వచ్చే రంధ్రాలకంటే బయటికి పోయే రంధ్రం కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. లోపలికి పెద్ద నోరు పెట్టి, బయటికి దారి లేకుండా మూసినవే ఎక్కువ చూస్తుంటాం. కబ్‌లో ఇంజిన్ సిలిండర్లు కౌల్ బయటికి పొడుచుకొస్తాయి కదా, మోడల్‌లో ఆ డమ్మీ సిలిండర్ల వెనకే గాలి దారి దాచుకోవచ్చు.

చివరి పరీక్ష నేల మీద. తోకను గట్టిగా కట్టేసి సగం థ్రాటిల్‌లో పది నిమిషాలు నడపండి, మధ్యమధ్యన స్టిక్కులు గిరగిరా తిప్పండి. టెలిమెట్రీలో (విమానం నుంచి ట్రాన్స్‌మిటర్‌కి వచ్చే కొలతలు) రిసీవర్ వోల్టేజీ 4.8 కిందికి ఒక్కసారి కూడా దిగకూడదు. తర్వాత ప్రాప్ తీసేసి, మోటారు నడుస్తుండగా ట్రాన్స్‌మిటర్ ఆపండి. మోటారు ఆగకపోతే ఫెయిల్‌సేఫ్ పెట్టలేదన్నమాట. పెట్టేదాకా ప్రాప్ బిగించొద్దు.

*

ప్రశ్న: టేకాఫ్‌లో కబ్ ఎడమకి తిరిగి గిర్రున చుట్టేస్తోంది. లేదంటే ముక్కు మీద పడుతోంది. – ఇద్దరు పాఠకులు, వరంగల్, కర్నూలు

జవాబు: ప్రాప్ తిప్పుడికి, దాని గాలి మెలికకి తోకచక్రం మోడళ్లు మామూలుగా ఎడమకే లాగుతాయి. థ్రాటిల్ ఒక్కసారి తోయకుండా ఒకటి నుంచి ఐదు లెక్కపెడుతూ పెంచండి. మొదట్లో ఎలివేటర్ కాస్త పైకి పట్టి ఉంచితే తోక చక్రం నేలని పట్టుకుంటుంది. వేగం అందాక వదలండి. కుడి రడ్డర్ మొదటి నుంచే సిద్ధంగా ఉండాలి, తిరిగాక ఇస్తే ఆలస్యం. ఐలరాన్‌తో (రెక్క కొసల దగ్గరి పలక) సరిదిద్దకండి, మరింత తిరుగుతుంది.

తర్వాత చక్రాలు. రెండు చక్రాల ముందు అంచులు ఒకటి రెండు డిగ్రీలు లోపలికి చూడాలి. బయటికి చూస్తుంటే ఎంత రడ్డర్ ఇచ్చినా చుట్టేయడమే. విమానాన్ని ఎగిరే భంగిమలో నిలబెట్టి సీజీ నుంచి కిందికి దారం వేలాడదీయండి. సీజీ నేలకి 200 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే ఇరుసు ఆ దారానికి 60 మిల్లీమీటర్లు ముందుండాలి. 40 ఉంటే ముక్కు మీద పడుతుంది, 80 ఉంటే దిగేటప్పుడు ఎగిరెగిరి పడుతుంది. కర్నూలు పాఠకుడి విషయంలో ఫొటో చూస్తే గడ్డి చక్రంలో సగం ఎత్తుంది. అక్కడ మా దగ్గర ఉపాయం లేదు, గడ్డి కోయించండి.

*

ప్రశ్న: వానలు మొదలయ్యాక రెక్క మీద ఫిల్మ్ వదులై ముడతలు పడింది. ఒక కొస మెలి తిరిగింది. – పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: బాల్సా తేమ తాగి ఉబ్బింది, ఆరినప్పుడు సమంగా ఆరలేదు. మెలిక తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు రెక్క కొసను పట్టుకుని వ్యతిరేక దిశలో, కావాల్సినదానికంటే కొద్దిగా ఎక్కువ మెలితిప్పి ఉంచాలి. రెండోవారు ఇస్త్రీ కొస 150 డిగ్రీల దగ్గర పెట్టి పైనా కిందా ఫిల్మ్‌ని లాగించాలి. చల్లారేదాకా, అంటే రెండు నిమిషాలైనా, పట్టు వదలొద్దు. ఒక్కసారికి రాకపోతే మళ్లీ. మీరు కావాలని పెట్టిన వాష్‌అవుట్‌ని మెలిక అనుకుని తీసేయకండి!

కొత్తగా వేసేటప్పుడు చట్రాన్ని ఒక రాత్రి ఏసీ గదిలో ఉంచి, తెల్లారాక వేయండి. అంచులు 105 డిగ్రీల దగ్గర అతికించి, చుట్టూ మూసుకున్నాకే 150కి పెంచి ముడతలు లాగండి. మొదటే ఎక్కువ వేడి పెడితే ఫిల్మ్ అంచులు లాగేసుకుంటుంది. ఫిల్మ్ కప్పని చోట్ల, అంటే సర్వో గుంత, రెక్క మొదలు, బ్యాటరీ గది లోపల, పలచటి వార్నిష్ ఒక చేయి పూయండి. తేమ దూరేది అక్కణ్నుంచే. ఫెవిక్విక్ లాంటి జిగుర్లు తేమలో మరీ తొందరగా గట్టిపడతాయి. డబ్బా బిగించి, సిలికా జెల్ పొట్లంతో పెట్టెలో ఉంచుకోండి.

*

ప్రశ్న: డిసెంబరులో 20 మీటర్లలో లేచిన విమానం మేలో 30 దాటినా లేవడం లేదు. మోటారు పాడైందా? – పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మోటారుకేం కాలేదు. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది. 42 డిగ్రీల ఎండలో అక్కడి గాలి, లెక్కల్లో వాడే ప్రామాణిక గాలి కంటే 14 శాతం పలచన. స్టాల్ వేగం 8 శాతం పెరుగుతుంది, ప్రాప్ తోపు తగ్గుతుంది. పొద్దున ఏడింటికి వెళ్లండి. బ్యాటరీల్ని మాత్రం ఎండలో కారులో వదలొద్దు. ఎగరేయని వారాల్లో సెల్‌కి 3.80–3.85 వోల్టుల దగ్గర దాచండి. నిండుగా దాస్తే ఉబ్బుతాయి.

*

ప్రశ్న: డాలస్ నుంచి మా అన్నయ్య వస్తున్నాడు. బ్యాటరీ, విమానం తెప్పించుకోవచ్చా? అలాగే ఇక్కడ ఎగరేయడానికి లైసెన్సు కావాలా? – పాఠకుడు, విజయవాడ

జవాబు: విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, క్యాబిన్‌లోకే. 100 వాట్-అవర్ల లోపువాటికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. మీ నాలుగు సెల్స్ 3300 ఎంఏహెచ్ సుమారు 49 వాట్-అవర్లు. కొసలకి టేపు వేసి, ఒక్కోటి విడి సంచిలో పెట్టమనండి. పూర్తిగా తయారైన డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది, విడిభాగాలకి ఆ నిషేధం లేదు. కాబట్టి పెట్టె విప్పి ఎగరేసే విమానం కాకుండా మోటారు, సర్వోలు, ఫిల్మ్ చుట్టలు తెమ్మనండి. ఫిల్మ్ మరీ మంచిది, బరువుండదు.

2021 డ్రోన్ నియమాల్లో, కంటికి కనిపించే దూరంలో సరదాకి, చదువుకి ఎగరేసే 25 కిలోల లోపు మోడళ్లు విడి కోవ. వీటికి టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 2 కిలోల లోపు ఉండి వ్యాపారానికి కాకపోతే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కూడా అడగరు. అంటే 1.8 కిలోల కబ్ గట్టెక్కుతుంది, కాకినాడ కబ్ 'స్మాల్' కోవలో పడుతుంది! ఎగరేసే ముందు గగనతల పటం చూడండి. పచ్చ ప్రాంతంలో 400 అడుగుల దాకా, విమానాశ్రయం సరిహద్దుకి 8–12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల దాకా అనుమతి అడగక్కర్లేదు. దానికంటే దగ్గరైతే గన్నవరం వాళ్లని అడక్కుండా బ్యాటరీ కూడా కలపకండి.

*

ప్రశ్న: కబ్‌లో పైలట్ బొమ్మ పెట్టాలనుంది. ఎంత ఎత్తుండాలి? – తొమ్మిదో తరగతి విద్యార్థిని, నిజామాబాద్

జవాబు: అయిదడుగుల తొమ్మిదంగుళాల మనిషి ఆరో వంతుకి 29 సెంటీమీటర్లు. బార్బీ బొమ్మ సరిగ్గా ఆ ఎత్తే. కానీ మొత్తం బొమ్మ పెడితే బరువు. తల, భుజాలు ఉంచుకుని, నడుము కిందిది తీసేసి, ఛాతీ భాగం థర్మోకోల్‌తో చెక్కి గుడ్డ తొడిగితే 25 గ్రాముల్లో అయిపోతుంది. ఒక్క పైలటే అయితే ముందు సీటులో కూర్చోబెట్టకమ్మా. జె-3 కబ్‌ని ఒంటరిగా నడిపేవాళ్లు వెనక సీట్లోనే కూర్చుంటారు. బొమ్మని అతికించాక సీజీ మరోసారి చూసుకో.